దాల్వా పేరున ఒక పెట్టె

తిరుగు ప్రయాణంలో వంతెన ఎక్కేముందు వ్యాను కాసేపు ఆగింది. ముందు సీట్లో కూర్చున్న పళ్ళ డాక్టరు ఫబ్రీసియో వెనక్కి తిరిగి, ఒక తెల్లటి పెట్టెను దాల్వా ఒళ్ళో పెట్టాడు. పసిపిల్లను అందించినంత జాగ్రత్తగా అందించాడు గాని, ఆమె ముఖం వైపు మాత్రం చూడలేదు.

"ఎవరన్నా అడిగితే నాదేనని చెప్పు అమ్మాయ్. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడొద్దు."

దాల్వాకు యాభై దగ్గర పడ్డాయి. డాక్టరు ఆమెకంటే ఎంతో చిన్నవాడు. అయినా గెస్ట్‌హౌస్‌లో దుప్పట్లు మార్చే మనిషికి వయసంటూ ఉండదు కదా, అమ్మాయే. ఆమె "సరే డాక్టరుగారూ" అని పెట్టె మీద రెండు చేతులూ వేసుకుని కూర్చుంది. పక్క సీట్లో తోటి పనిమనిషి జుస్సారా ఒళ్ళో సెంటు సీసాల సంచి ఉంది. అది డాక్టరు భార్యది.

మా ఫోజ్ ఊళ్ళో ఇదేం వింత కాదు. పరానా నదికి ఇవతల మేము, బ్రెజిల్. వంతెన దాటితే పరాగ్వే. మా దేశంలో వీడియో గేమ్ కన్సోల్ కొనాలంటే పన్ను మీద పన్ను పడి పొలం కొన్నంత పని అవుతుంది. అదే పెట్టె వంతెన అవతల సగం ధరకే వస్తుంది. పన్ను లేకుండా ఇంత సరుకు తెచ్చుకోవచ్చని మనిషికి నెలకొక వాటా పెట్టారు. మాలాంటి వాళ్ళకు ఆ వాటా ఏడాదికొకసారైనా వాడుకునే భాగ్యం ఉండదు. సావ్ పావ్లో నుంచి ఈ డాక్టరులా దిగేవాళ్ళకు వచ్చిన పూటకే చాలదు. అందుకని ఆ పొద్దున గెస్ట్‌హౌస్ యజమానురాలు దోనా మార్లి లాండ్రీ గదిలోకి తొంగిచూసి, "ఇస్త్రీ తర్వాత చేసుకోవచ్చు గాని, డాక్టరుగారితో అలా షికారుకి వెళ్ళి రండమ్మా. మనమంతా ఒక్కింటి వాళ్ళమేగా, భోజనం కూడా వాళ్ళదే" అంది. ఆ భోజనమేమిటంటే, బజారులో నిలబడి తిన్న ఒక మాంసం కజ్జికాయ, ఒక గ్లాసు చెరుకురసం. పోయేటప్పుడు మనుషులు, వచ్చేటప్పుడు వాటాలు. మా ఊళ్ళో షికారంటే అంతే.

కస్టమ్స్ దగ్గర ఉద్యోగి ఒకాయన వ్యానులోకి చూసీ చూడనట్టు చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు. డాక్టరు గట్టిగా ఊపిరి వదిలాడు. దాల్వా కూడా మనసులో హమ్మయ్య అనుకుంది. ఆపితేనే పేరు రాసుకుంటారు, ఆపకపోతే వాటా ముట్టుకోనట్టే అని ఊళ్ళో అందరికీ తెలిసిన లెక్క. గురువారం తన సెలవు రోజు. ఆ వాటాతో ఆమెకు పని ఉంది.

గెస్ట్‌హౌస్ మెట్ల దగ్గర డాక్టరు పెట్టె తీసుకుని, ఆమె చేతిలో ఒక చాక్లెట్ బిళ్ళ పెట్టాడు. ఆ సాయంత్రం గదులు ఊడ్చేటప్పుడు డాక్టరు దిగిన నాలుగో నంబరు గది చెత్తబుట్ట నిండా చింపిన అట్టపెట్టెలు, సెంటు డబ్బాలు, జోళ్ళ కాగితాలు. కొత్తవి పాతవాటిలా కనబడాలని అన్నీ విప్పి బట్టల మధ్య సర్దుకుంటారు. కన్సోల్ పెట్టె ఒక్కటి మాత్రం విప్పకుండా అలమర మీద పెట్టి ఉంది. కొడుకు పుట్టినరోజు కానుకట.

దాల్వా ఇల్లు హైవే పక్కన. ఆమె వెళ్ళేసరికి భర్త అడెమీర్ కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు, వింటున్నాడు.

"సోయా లోడు" అన్నాడు కళ్ళు తెరవకుండా. "మరీ ఎక్కువ వేశాడు. ఎత్తు ఎక్కలేక గేరు మారుస్తున్నాడు చూడు, పాపం, కొత్త కుర్రాడు."

షుగరు జబ్బు కుడికాలు తీసుకుపోయాక అడెమీర్‌కు లారీ పోయింది. లారీతోపాటు మనుషులూ పోయారు. రోడ్డు మీదే బతికిన మనిషికి స్నేహితులుండేది పెట్రోలు బంకుల్లో, డాబాల్లో. వాళ్ళు ఇంటికెలా వస్తారు? అయితే ఈమధ్య ఒస్మార్ అనే పాత జతగాడు ఒక కబురు మోసుకొచ్చాడు. రిటైరైన డ్రైవర్లు కొందరు సాయంత్రాలు ఇళ్ళల్లో కూర్చుని కన్సోల్‌లో లారీ ఆట ఆడుతున్నారు. ఒకరి వెనక ఒకరు వరుసకట్టి, కబుర్లాడుకుంటూ, నిజం రోడ్డు మీద పోయినట్టే పోతున్నారు. ఆ ఆటకు బ్రేకూ యాక్సిలరేటరూ వేళ్ళ కింద ఉంటాయి, కాళ్ళతో పని లేదు. ఆ మాట చెప్పినప్పుడు అడెమీర్ నవ్వేశాడు. నవ్విన తర్వాత వారం రోజులు అదే ధ్యాస. ఒస్మార్ ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపేవాడు. "ఏరా ముసలోడా, వరసలో నీ చోటు ఖాళీగా పెట్టాం. ఎప్పుడొస్తావు?" అడెమీర్ అది ఒకటికి పదిసార్లు పెట్టుకుని వినేవాడు, దాల్వా వంటింట్లో ఉన్నప్పుడు.

వంటింట్లోకి వినబడదనుకునేవాడు. దాల్వా ఆ రోజునుంచే పక్కిళ్ళవాళ్ళ బట్టలు కూడా ఇస్త్రీకి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. సరిపడా డబ్బు కూడిన సంగతి, డాక్టరుతో వంతెన దాటొచ్చిన ఆ మంగళవారం సాయంత్రమే చెప్పింది.

"గురువారం తెస్తున్నా."

అడెమీర్ కుర్చీ చక్రం పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఎలా తెస్తావు? నడుముకి కట్టుకునా?"

"కట్టుకోను. కస్టమ్స్ కిటికీ దగ్గరకి పోయి, ఇదిగో తెచ్చానని చెప్పుకునే తెస్తా. పట్టుకుంటే మళ్ళీ కొనే తాహతు ఉందా మనకి? నా వాటా నాకుందిగా."

మర్నాడు ఈ మాట చెబితే జుస్సారా పడీ పడీ నవ్వింది. ఇద్దరూ రెండు చివర్లు పట్టుకుని పెద్ద దుప్పటి మడత పెడుతున్నారు. "చెప్పుకుని తెచ్చే పిచ్చిదాన్ని ఈ ఊళ్ళో నిన్నొక్కదాన్నే చూశా వదినా. ఆ కిటికీ టూరిస్టుల కోసం పెట్టింది. మనూరోళ్ళు దానికేసి చూడనైనా చూడరు."

"అందుకే అక్కడ వరస ఉండదు" అంది దాల్వా, మడత సరిచేస్తూ.

గురువారం దాల్వా వంతెన నడిచే దాటింది. అవతల కొట్లో కుర్రాడు ఒక పెట్టె తీసివ్వబోతే, అది కాదని మరొకటి అడిగింది. దాని మూలలు నలిగి లేవు. విప్పి చూపించమంది. వైర్లన్నీ ఉన్నాయా, పట్టుకునే రిమోటు వెలుగుతోందా, అన్నీ చూసుకుంది. జాకెట్లోంచి డబ్బు తీసి ఇచ్చి, పెట్టెను రెండు సంచుల్లో వేయించి, గుండెలకు ఆనించుకుని నడిచింది. వంతెన మీద జనం పరుగులాంటి నడకతో పోతున్నారు. ఒకావిడ కోటు కింద ఏవో పెట్టెలు కట్టుకుని నిండు చూలాలిలా పోతోంది. మోటారు సైకిళ్ళ మీద కుర్రాళ్ళు సంచులు వీపున వేసుకుని రయ్యిన దూసుకుపోతున్నారు. వీళ్ళెవరూ కిటికీ వైపు తల తిప్పలేదు. దాల్వా ఒక్కతే ఆ వైపు తిరిగింది.

కిటికీ వెనక ఒక అమ్మాయి, ముప్ఫై ఉండవు, పక్కన చిమరాన్ టీ తాగే సొరకాయ బుర్ర పెట్టుకుని కూర్చుంది. దాల్వా పెట్టెను బల్ల మీద పెట్టి, గుర్తింపు కార్డు పక్కన పెట్టింది. ఆ అమ్మాయి నంబరు కొట్టి తెర వైపు చూసింది. మళ్ళీ కొట్టింది.

"ఈ నెల మీ వాటా అయిపోయిందమ్మా."

"నేనింకా ఏమీ తేలేదుగా."

"మంగళవారం తెచ్చారు. ఇదే కన్సోల్. మీ పేరున ఫోన్లో ముందే డిక్లేర్ చేశారు, నంబరు కూడా మీదే."

వ్యాను, ఒళ్ళో పెట్టె, చెయ్యి ఊపిన ఉద్యోగి, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. ఆ డాక్టరు జాగ్రత్త మనిషి. ఆపినా ఆపకపోయినా తన సరుకుకు ఢోకా లేకుండా, ఆమె పేరు ముందే రాసేశాడు. ఆమెతో ఒక్క మాట అనకుండా రాసేశాడు.

"నాకు ఫోన్లో మాట్లాడ్డం తప్ప ఏమీ రాదమ్మా. ఇంకెవరో..."

ఆ అమ్మాయి చెయ్యెత్తి ఆపింది. గొంతు తగ్గించింది. "ఎవరికన్నా మీ వాటా ఇచ్చానని మాత్రం నాతో చెప్పకండి. చెబితే నేను రాసుకోవాలి. అది మీ మీదకే వస్తుంది. మా లెక్క ప్రకారం మీ ఇంట్లో ఇలాంటిది ఒకటి ఉంది. ఇది రెండోది. సగం ధర పన్ను కడితే ఇప్పుడే పట్టుకెళ్ళండి. లేదంటే ఇక్కడ ఉంచుతాం. తర్వాత మీరే స్వయంగా వచ్చి, కట్టి తీసుకోవాలి. మీరు తప్ప ఎవరొచ్చినా ఇవ్వం."

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆ రోజు ఆ వంతెన మీద ఎన్ని పెట్టెలు పొట్టల మీద, వీపుల మీద, డిక్కీల్లో దాటిపోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు. దాచుకోకుండా వచ్చి బల్ల మీద పెట్టిన ఒక్క పెట్టె లోపలి గదిలోకి వెళ్ళింది. దాని మూలలు నలగకూడదని ఆమె ఎంచి ఎంచి తెచ్చుకుంది.

ఇంట్లో అడెమీర్ టీవీ ముందు బల్ల ఖాళీ చేసి, తడిగుడ్డతో తుడిచి ఉంచాడు. గడ్డం గీసుకున్నాడు. దాల్వా ఉత్త చేతులతో వచ్చింది. ఆమే చెప్పింది, కూర్చోకుండా, గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పింది.

"పోనీలే" అన్నాడు అడెమీర్. "నాకేం తొందర? ఆట ఎక్కడికి పోతుంది."

దాల్వాకు ఏడుపు రాలేదు. ఆయన కోప్పడినా బాగుండేది. మా పేదవాళ్ళకు అలవాటైన మాటే ఆ "పోనీలే". ఆయన కుర్చీని మెల్లగా కిటికీ వైపు తిప్పుకుని, పోయే లారీలను వినసాగాడు. ఈసారి ఏ లోడో చెప్పలేదు.

శుక్రవారం పొద్దున లాండ్రీ గదిలో ఆమె ఇస్త్రీపెట్టె వేడెక్కేదాకా నిలబడి, జుస్సారాను అడిగింది.

"నా కార్డు నంబరు ఆ డాక్టరుకి ఎలా తెలిసింది?"

జుస్సారా తలగడ గలీబు విదిలించడం ఆపింది. "నీకు తెలీదా? అమ్మగారే ఇస్తుంది. మనం పనిలో చేరినప్పుడు ఇచ్చిన పని కార్డులు ఆవిడ దగ్గరేగా ఉన్నాయి, వాటి మీదా ఆ నంబరే. గదికి అద్దె వేరు, మన వాటాలకి తలకింత వేరు, ఆవిడే తీసుకుంటుంది. నేను చెప్పలేదని అనకు వదినా, నీకు తెలుసనుకున్నా."

"తలకింత" అంది దాల్వా. "నాకు చాక్లెట్ బిళ్ళ ఇచ్చారు."

ఆమె ఇస్త్రీపెట్టె ఆపింది. నాలుగో నంబరు గది శుభ్రం చేసే వేళ అయింది. మెట్లెక్కి, పక్కలు సర్ది, తువ్వాళ్ళు మార్చి, నేల తుడిచింది. పని మధ్యలో వదలడం ఆమెకు చేతకాదు. అన్నీ అయ్యాక స్టూలు వేసుకుని అలమర మీది పెట్టె దించింది. దుప్పటి కప్పలేదు, సంచిలో వెయ్యలేదు. అందరూ చూసేలా రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగి, టిఫిన్లు చేసే గదిలోకి వచ్చింది. డాక్టరు బొప్పాయి ముక్కలు తింటున్నాడు. దోనా మార్లి కాఫీ పోస్తోంది. దాల్వా పెట్టెను వాళ్ళ బల్ల మీదే పెట్టింది.

"ఏంటిది?" అన్నాడు డాక్టరు.

"నాదండి. నిన్న కస్టమ్స్ వాళ్ళు చెప్పారు, మంగళవారం నేను ఒక కన్సోల్ తెచ్చుకున్నానని. ఇంటికి పట్టుకెళ్దామని కిందకి తెచ్చా."

డాక్టరు నవ్వాడు, పక్కన దోనా మార్లి కూడా నవ్వుతుందేమో అని చూస్తూ. ఆమె నవ్వలేదు. కాఫీ పాత్ర కింద పెట్టింది.

"దాల్వా, ఏం మాటలివి? గెస్టుల సామాను ముట్టుకుంటావా?"

"ముట్టుకోకుండా ఎలాగండి? మంగళవారం మోసింది నేనేగా. నా సొంత డబ్బు పెట్టి కొన్నది నిన్న కిటికీలో పట్టుకున్నారు. నా వాటా వీరి కొడుక్కి ఇచ్చేశారట. నాకు చెప్పలేదు."

"చూడమ్మాయ్" డాక్టరు గొంతు మార్చాడు. "ఇది నేను కొన్నది. నా దగ్గర బిల్లుంది."

"ఎవరి పేరున ఉందండి?"

డాక్టరు బొప్పాయి ముక్కను ఫోర్కుతో అటూ ఇటూ నెట్టాడు. ఆయన జాగ్రత్త మనిషని చెప్పాను కదా. ఆయన భార్య కుర్చీలో ఇబ్బందిగా కదిలింది.

"పోలీసుల్ని పిలుస్తా" అంది దోనా మార్లి.

"పిలవండి అమ్మగారూ. వాళ్ళొస్తే పై గదిలో బట్టల మధ్య సర్దినవి కూడా ఎవరి పేరున ఉన్నాయో అందరం కలిసే చెబుదాం. నా కార్డు నంబరు ఎలా వెళ్ళిందో మీరు చెప్పండి."

దోనా మార్లి ముఖం ఎర్రబడింది. "ఇన్నాళ్ళూ నిన్ను ఇంట్లో మనిషిలా చూసుకున్నానే."

"ఇంట్లో మనిషినైతే అడిగేవారు."

పక్క బల్ల దగ్గర టిఫిను చేస్తున్న ముసలి దంపతులు చెంచాలు ఆపి చూస్తున్నారు. డాక్టరు ఆ సంగతి గమనించి, గొంతు బాగా తగ్గించి, జేబులో చెయ్యి పెట్టాడు. "ఎంత కావాలి నీకు?"

"నాకేమీ వద్దు. నేను డబ్బు పెట్టి ఒకటి కొన్నాను. ఒకటే పట్టుకెళ్తున్నా. రెండోది కస్టమ్స్ లో ఉంది, మీ అబ్బాయికి అది తీసుకోండి. పన్ను మాత్రం కట్టాలి."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. తేలిపోయిందనుకున్నాడు కాబోలు, ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. "సరే, ఏం చేస్తాం. ఏ ఆఫీసు? నేనే వెళ్ళి కట్టి తెచ్చుకుంటాను."

"మీకివ్వరు. నా పేరున ఉంది. నేనొస్తే గాని ఇవ్వరు."

"అయితే పద, ఇప్పుడే పోదాం. రేపు పొద్దున మేం బయల్దేరాలి. కారు తీస్తా."

దాల్వా కదలలేదు. చేతులు ఏప్రానుకు తుడుచుకుంది, తడి లేకపోయినా. పద అంటే వ్యానెక్కింది, పట్టుకో అంటే పట్టుకుంది, నాదని చెప్పమంటే చెప్పడానికి సిద్ధపడింది. ఇప్పుడు మళ్ళీ పద.

"అడగండి" అంది.

"ఏంటి?"

"వస్తావా అని అడగండి డాక్టరుగారూ. మంగళవారం కూడా అడగలేదు మీరు."

డాక్టరు దోనా మార్లి వైపు చూశాడు. ఆమె కాఫీ పాత్ర మూత సర్దుకుంటోంది. భార్య వైపు చూశాడు. ఆమె మెల్లగా, "పేరు దాల్వా" అని అందించింది. ఆయన లేచి నిలబడ్డాడు. చిరాకుతో లేచాడో, మర్యాదకు లేచాడో ఆయనకే తెలియాలి.

"దాల్వాగారూ, దయచేసి నాతో కస్టమ్స్ దాకా వస్తారా?"

"ఆలోచించుకుని చెప్తానండి" అంది దాల్వా.

ఆమె ఏప్రాను విప్పి, మడత పెట్టి, కౌంటరు మీద పెట్టింది. "ఇప్పుడు గడప దాటితే మళ్ళీ లోపలికి రానివ్వను" అంది దోనా మార్లి. ఆ మాటకు దాల్వా ఆగింది. ఆగి, "నా పని కార్డు ఇప్పించండి మరి" అంది. ఆవిడ సొరుగు లాగి కార్డు వెతికి ఇచ్చేదాకా అక్కడే నిలబడింది. లాండ్రీ గది గుమ్మంలో జుస్సారా కూడా నిలబడి ఉంది, "నాది కూడా అమ్మగారూ" అంటూ.

బస్సులో దాల్వా పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది. పని పోయిందన్న సంగతి దారిలో రెండుసార్లు గుర్తొచ్చింది. ఎవరి దగ్గర పని దొరుకుతుందో, ఎన్నాళ్ళు ఇస్త్రీ బట్టలతో లాక్కురావాలో తెలియదు. ఆ భయంతోపాటే పెట్టె కూడా ఆమె ఒళ్ళో ఉంది.

అడెమీర్ పెట్టెను చూసి, "ఇచ్చేశారా?" అన్నాడు. ఆమె జరిగింది చెప్పింది. ఆయన చాలాసేపు పెట్టె విప్పలేదు.

"ఇది ఆయన డబ్బుతో కొన్నదే."

"మన డబ్బుతో కొన్నది అక్కడ గదిలో ఉంది. దీనికి నా పేరు ఖర్చయింది. పేరు ఊరికే వచ్చిందా?"

అడెమీర్ ఏమనుకున్నాడో, చాకు అందుకుని అట్ట మీది టేపు కోశాడు. మిగిలిన రోజంతా దానితోనే గడిచింది. వైర్లు తగిలించాడు, తప్పు చోట తగిలించాడు, ఒస్మార్‌కు ఫోను చేసి తిట్లు తిన్నాడు. ఆట లోపలికి ఎక్కించుకోవడానికి కన్సోల్ గంటలు గంటలు తీసుకుంది. సాయంత్రం ఎండ వాలేవేళకు తెర మీద తడిసిన రోడ్డొకటి వచ్చింది, ముందు లారీల వరుస, వాటి వెనక ఒక ఖాళీ. ఆయన లావుపాటి బొటనవేళ్ళు ఆ చిన్న మీటల మీద మొదట తడబడ్డాయి. లారీ గట్టు ఎక్కింది. చెవులకు తగిలించుకున్న దాంట్లోంచి ఎవరో పకపకా నవ్వడం దాల్వాకు కూడా వినబడింది.

"ఏరా, లైసెన్సు ఎవడిచ్చాడు నీకు?"

"మీ బాబే ఇచ్చాడు" అన్నాడు అడెమీర్. వెనక్కి తీసి, సరిచేసుకుని, వరుసలో తన చోటులోకి వచ్చాడు. నడుము నిటారుగా చేసుకుని కూర్చున్నాడు. ఆయన అలా కూర్చుని ఎన్నాళ్ళయిందో.

బల్ల మీద దాల్వా ఫోను మోగింది. తెర మీద దోనా మార్లి పేరు. ఆగింది, మళ్ళీ మోగింది. తర్వాత తెలియని నంబరు, డాక్టరు ఊరు సావ్ పావ్లోది. అదీ ఆగి మళ్ళీ మోగింది.

"నీకే" అన్నాడు అడెమీర్, తల కాస్త ఇటు తిప్పి. "ఎత్తవా?"

దాల్వా కుర్చీ లాక్కుని ఆయన పక్కన, అప్పట్లో లారీలో తాను కూర్చునే వైపే కూర్చుంది.

"అడుగుతున్నారు, అడగనీ" అంది. "నువ్వు రోడ్డు చూసుకో."